పాపకు 14 నెలలు, మరో కాన్పుకు మూడేళ్ల ఎడం కావాలి: హార్మోన్ మాత్రలు, ఇంజెక్షన్ల మంచీ చెడూ

ప్రశ్న ఇదీ. వయసు 27. పాపకు 14 నెలలు, రాత్రిళ్లు ఇంకా తల్లిపాలు తాగుతోంది. ఇంకో బిడ్డ కావాలి గానీ కనీసం రెండు మూడేళ్లు ఆగాలి. అత్తగారు "వెంటనే ఇంకొకళ్లని కనేసి ఆపరేషన్ చేయించుకుంటే ఓ పనైపోతుంది" అంటున్నారు. ఏఎన్ఎం మూడు నెలలకోసారి వేసే అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ వేయించుకోమంటోంది, మందుల షాపులో గర్భనిరోధక మాత్రల షీటు చేతిలో పెట్టారు, అక్కేమో కాపర్ టీ అంటోంది. మాత్రలు వేసుకుంటే లావైపోతారని, తర్వాత పిల్లలు పుట్టరని భయం. అప్పుడప్పుడూ ఒక పక్క తలనొప్పి వస్తుంది. హిమోగ్లోబిన్ 9.8.

ముందు తలనొప్పి సంగతి తేల్చుకోండి, మిగతాదంతా దాని తర్వాతే. నొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు మెరుపుల్లాంటి వంకర గీతలు కదులుతాయా? చూపులో ఒక ముక్క మసకబారుతుందా, ఎదుటి మనిషి ముఖంలో సగం కనపడకుండా పోతుందా? ఒక చేయి, మూతి పక్క తిమ్మిరెక్కుతుందా? ఇలాంటివి కొన్ని నిమిషాల నుంచి గంట దాకా ఉండి, తర్వాత నొప్పి మొదలైతే దాన్ని ఆరా ఉన్న మైగ్రేన్ అంటారు. అది ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మామూలు గర్భనిరోధక మాత్ర ఏ వయసులోనూ వేసుకోకూడదు. మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయే ముప్పు ఆరా వల్ల కొంత, ఈస్ట్రోజెన్ వల్ల మరికొంత పెరుగుతుంది, రెండూ కలిస్తే పక్షవాతం దాకా వెళ్లొచ్చు. ఆరా లేకుండా ఉత్త ఒక పక్క నొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం మాత్రమే ఉంటే, 35 ఏళ్లు దాటనివాళ్లు మాత్రలు మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టాక నొప్పులు ఎక్కువైనా, కొత్తగా మెరుపులు కనిపించినా ఆ రోజే ఆపేయాలి. మందుల షాపులో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అందుకే ఇక్కడ ఇంత వివరంగా చెబుతున్నాను.

రెండోది బీపీ. 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఈస్ట్రోజెన్ మాత్రలు వద్దు. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లు, 35 దాటి పొగ తాగేవాళ్లు, ఏళ్ల తరబడి షుగర్ ఉండి కళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు కూడా అంతే. కాన్పయిన కొత్తలోనూ వద్దు. పాలిచ్చే తల్లులు ఆరు నెలలు ఆగాలి. మీ పాపకు 14 నెలలు కాబట్టి పాల గురించి దిగులు అక్కర్లేదు.

ఇంతకు మించి పరీక్షలేమీ అవసరం లేదు. బీపీ చూడడం, పై ప్రశ్నలు అడగడం, గర్భం లేదని నిర్ధారించుకోవడం చాలు. మాత్రలు మొదలుపెట్టడానికి "హార్మోన్ ప్రొఫైల్" చేయించుకు రమ్మని ల్యాబ్‌కు పంపిస్తే ఆ డబ్బు దండగే.

"హార్మోన్లు నాకు పడవు" అనే మాట తరచూ వినపడుతుంది. ఏ హార్మోను అన్నది ముందు చూడాలి. మామూలు మాత్రలో రెండుంటాయి: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్. అంతర ఇంజెక్షన్‌లో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్‌లో, కొన్ని రకాల మాత్రల్లో ప్రొజెస్టిన్ ఒక్కటే ఉంటుంది. పైన చెప్పిన అభ్యంతరాల్లో చాలావరకు ఈస్ట్రోజెన్‌వే. కాబట్టి మాత్ర పడనివాళ్లకు మిగతా దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు మాత్రం రెంటికీ దూరంగా ఉండాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ షీటులో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి, వాటిలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడియాల్ 0.03 మిల్లీగ్రాములు. మిగతా 7 ముదురు రంగువి, ఐరన్ మాత్రలు. 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు, ఇప్పటి మాత్రలో 30. పాతతరం ఆడవాళ్లు చెప్పే వాంతులు, కళ్లు తిరగడం, కాళ్ల వాపులు అబద్ధాలు కావు, ఆ మోతాదు అలాంటిది. ఇప్పటి మాత్రకు మొదటి రెండు మూడు నెలలు కొద్దిగా వికారం, రొమ్ముల సలపరం, నెల మధ్యలో ఎర్రటి మరకలు ఉంటాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం చాలామటుకు తెలియదు. మరకలు మూడు షీట్లు అయ్యేసరికి సాధారణంగా సర్దుకుంటాయి. మరక కనపడగానే మాత్ర ఆపేయడమే అందరూ చేసే పొరపాటు. ఆపితే రక్తస్రావం పెరుగుతుంది, రక్షణా పోతుంది.

మీ విషయంలో మాత్రకు ఉన్న పెద్ద లాభం హిమోగ్లోబిన్. మాత్ర మీద ఉన్నప్పుడు గర్భాశయం లోపలి పొర పలచగా ఉంటుంది, నెలసరి తక్కువగా, తక్కువ రోజులు, పెద్దగా నొప్పి లేకుండా వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది, వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. 9.8 ఉన్న మనిషికి నెలనెలా పోయే రక్తం తగ్గితే, ఆ షీటులోని ఐరన్‌తో పాటు విడిగా ఇచ్చే ఐరన్ మాత్ర కూడా ఒంటికి పడుతుంది. కాపర్ టీ దీనికి సరిగ్గా వ్యతిరేకం, మొదటి కొన్ని నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పిగా అవుతుంది.

ఇప్పుడు అసలు భయం, రక్తం గడ్డకట్టడం. పదివేల మంది ఆడవాళ్లను ఏడాది పాటు గమనిస్తే, గర్భం గానీ మాత్రలు గానీ లేనివాళ్లలో 1 నుంచి 5 మందికి ఇది వస్తుంది. మాత్రలు వాడేవాళ్లలో 3 నుంచి 9 మందికి. గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి. కాన్పయిన తొలి 12 వారాల్లో అదే లెక్కన 40 నుంచి 65. మాత్ర వల్ల ముప్పు పెరిగే మాట నిజం, అది ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. కానీ మాత్రకు భయపడి అనుకోకుండా నెల తప్పితే అంతకంటే పెద్ద ముప్పులోకి వెళ్లినట్టే. "వెంటనే ఇంకొకళ్లని కనేయడం" అనే సలహాను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి.

ఈ ముప్పు మొదటి ఏడాదిలో, అందులోనూ తొలి కొన్ని నెలల్లో ఎక్కువ. నాలుగు వారాలకు మించి ఆపి మళ్లీ మొదలుపెడితే అది మళ్లీ మొదటికొస్తుంది. అందుకే "ఏడాది వాడి రెండు నెలలు ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి" అన్న మాట మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. మాత్రలోని ప్రొజెస్టిన్‌ను బట్టి కూడా తేడా ఉంటుంది. లెవోనార్జెస్ట్రెల్ ఉన్నవాటికి ముప్పు తక్కువ. మొటిమలకు, పీసీఓఎస్‌కు (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) రాసే డ్రోస్పైరినోన్, సైప్రోటెరోన్, డెసోజెస్ట్రెల్ కలిపిన ఈస్ట్రోజెన్ మాత్రలకు కొంచెం ఎక్కువ. మొటిమల బాధ లేనివాళ్లకు ఖరీదైన షీటు కంటే ఉచిత మాలా-ఎన్ ఈ ఒక్క విషయంలో మేలు. మాత్రల మీద ఉండి అమెరికాలో ఉన్న మీవాళ్ల దగ్గరికి ప్రయాణం పెట్టుకుంటే, విమానంలో గంట గంటన్నరకోసారి లేచి నడవండి, నీళ్లు బాగా తాగండి. మంచాన పడి ఉండాల్సిన పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే నాలుగు వారాల ముందే మాత్రలు ఆపాలని సర్జన్‌కు గుర్తుచేయండి.

ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు తగ్గడం, మాట తడబడడం, కడుపులో భరించలేని నొప్పి: వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లి, మాత్రలు వాడుతున్నట్టు ముందే చెప్పండి.

మాత్ర మర్చిపోవడం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. రోజూ తప్పకుండా వేసుకుంటే ఏడాదికి వెయ్యిమందిలో ముగ్గురికి గర్భం వస్తుంది. మనుషులు నిజంగా వాడే తీరులో వందకు ఏడుగురికి వస్తుంది. ఈ తేడా అంతా మర్చిపోవడం వల్లే. అండాశయం నిద్రలోకి జారుకోవడానికి ఏడు రోజులు వరుసగా తెల్ల మాత్రలు పడాలి. ఏడు రోజులు మాత్ర లేకపోయినా అది లేవదు. షీటులో ఐరన్ మాత్రల వారం ఆ ఏడు రోజుల సెలవే. ఆ సెలవు ఏ పక్క నుంచి పెరిగినా అండాశయం మేలుకుంటుంది. అంటే షీటు మధ్యలో ఒక మాత్ర మర్చిపోవడం కంటే, షాపుకు వెళ్లడం కుదరక కొత్త షీటు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టడం ఎక్కువ ప్రమాదం. పెళ్లిళ్ల సీజన్లో పుట్టింటికి వెళ్లి షీటు అత్తింట్లో మర్చిపోవడం లాంటివి ఇలాగే కొంప ముంచుతాయి. ఎప్పుడూ ఒక షీటు అదనంగా సంచిలో ఉంచుకోండి.

తెల్ల మాత్ర ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఆ రోజుది దాని సమయానికి వేసుకోండి. ఒకేసారి రెండు పడినా ఫర్వాలేదు. రెండు, అంతకంటే ఎక్కువ పోతే, చివరిగా మర్చిపోయినది ఒకటి వేసుకుని మిగతావి వదిలేసి, రోజూవారీగా కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడండి. ఇది మూడో వారంలో జరిగితే ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త షీటులోని తెల్లవి మొదలుపెట్టండి, ఆ నెల నెలసరి రాకపోయినా కంగారు లేదు. మొదటి వారంలో జరిగి, ఆ రోజుల్లోనే కలిసి ఉంటే, అత్యవసర మాత్ర వేసుకోవాలి. ఐరన్ మాత్రలు మర్చిపోతే ఏమీ కాదు. మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోండి.

మామూలు యాంటీబయాటిక్స్ మాత్రను చెడగొట్టవు. టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్రం చెడగొడుతుంది, మన దగ్గర ఇది ముఖ్యం. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫీనోబార్బిటాల్ కూడా అంతే. కాలేయం హార్మోన్‌ను త్వరగా విరిచేసి బయటకు పంపేలా ఇవి చేస్తాయి. వీటి మీద ఉన్నవాళ్లకు అంతర ఇంజెక్షన్, కాపర్ టీ, హార్మోన్ లూప్ మేలు. లామోట్రిజిన్ విషయం తిరగబడుతుంది: మాత్రే ఆ మందును రక్తంలో తగ్గించి ఫిట్స్ తెప్పించవచ్చు.

లావు సంగతి. ఈస్ట్రోజెన్ మాత్రలు బరువు పెంచుతాయని గట్టి ఆధారం లేదు. మొదట్లో నీరు చేరి కిలో అటూఇటూ అనిపించవచ్చు. అంతర ఇంజెక్షన్‌తో మాత్రం కొందరికి బరువు నిజంగానే పెరుగుతుంది. మొదటి ఆరు నెలల్లో బాగా పెరిగినవాళ్లకు తర్వాతా పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి రెండో ఇంజెక్షన్ నాటికి బరువు చూసుకోవడం మంచిది. పిల్లలు పుట్టరన్న భయం మాత్రలకు వర్తించదు, ఆపిన ఒకటి నుంచి మూడు నెలల్లో నెలసరి దారిలో పడుతుంది. మాత్రలు "వేడి చేయడం" వల్ల గర్భసంచి పాడవదు. బుగ్గల మీద మంగు మాత్రం కొందరికి నిజంగానే వస్తుంది, గర్భంతో ఉన్నప్పుడు వచ్చినవాళ్లకు మరీ. మనసు దిగాలుగా ఉండడం, ఊరికే ఏడుపు రావడం కూడా కొందరిలో ఉంటుంది. దాన్ని "నీ ఊహ" అని కొట్టిపారేయకూడదు. రెండు మూడు నెలలకీ తగ్గకపోతే పద్ధతి మార్చాలి.

క్యాన్సర్ లెక్క రెండు వైపులా ఉంది. అండాశయ, గర్భాశయ పొర క్యాన్సర్లు మాత్రలు వాడినవాళ్లలో తక్కువ, ఆ రక్షణ ఆపాక కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. వాడుతున్నంతకాలం రొమ్ము క్యాన్సర్ కొద్దిగా ఎక్కువ. 2017లో డెన్మార్క్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, లక్షమంది ఏడాది వాడితే 13 కేసులు అదనం. ఐదేళ్లకు మించి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా కొంత పెరుగుతుంది, 30 దాటాక ఆ పరీక్ష చేయించుకోవడం మానకండి.

అంతర ఇంజెక్షన్‌లో ఉండేది మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ 150 మిల్లీగ్రాములు, మూడు నెలలకోసారి చేతికో పిరుదుకో కండరంలోకి లోతుగా వేస్తారు. వేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు తొందరగా కరిగి మూడు నెలలు రాదు. రెండు వారాలు ముందుగా గానీ నాలుగు వారాలు ఆలస్యంగా గానీ తర్వాతి డోసు తీసుకోవచ్చు, కార్డులో రాసిన తేదీ దాటిందని ఇంట్లో కూర్చోకండి. రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు, ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడుకోవచ్చు, ఈస్ట్రోజెన్ లేదు, పాలకు ఇబ్బంది లేదు. ఇవి నిజమైన లాభాలు.

నష్టం దగ్గర సూటిగా మాట్లాడాలి. మొదటి ఆరు నెలలు నెలసరికి లెక్కాపత్రం ఉండదు. పది రోజులు కొద్దికొద్దిగా కనిపించడం, రెండు నెలలు రాకపోవడం, మళ్లీ వారం. ఏడాది గడిచేసరికి సుమారు సగం మందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. "చెడు రక్తం లోపలే నిలిచిపోయింది" అని భయపడతారు. నిలవడానికి అక్కడ ఏమీ లేదు, పొర పెరగలేదు కాబట్టి రాలడానికీ ఏమీ లేదు. మన ఇళ్లలో పూజ గదికి, వంటింటికి నెలసరితో ఉన్న ముడి తెలిసిందే. పదిహేను రోజులు మరకలు కనిపిస్తే ఆ ఇల్లాలికి అది ఆరోగ్య సమస్య కంటే పెద్ద సమస్య అవుతుంది. ఇది సూది గుచ్చకముందు చెప్పాలి. ముందే తెలిసినవాళ్లు ఓర్చుకుంటారు, తెలియనివాళ్లు ఒక్క డోసుతో మానేసి, పదిమందికి "దాని జోలికి పోవద్దు" అని చెబుతారు.

చెప్పకుండా వేయడం మన దగ్గర జరిగిన కథే. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే వేరే హార్మోన్ ఇంజెక్షన్‌ను ఆడవాళ్ల మీద ప్రయోగిస్తున్నారని, అది ప్రయోగమని వాళ్లకు సరిగ్గా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం పట్టుకుంది. మరుసటి ఏడాది ఆ విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2017లో అంతరగా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చిన మందు వేరు, ఎన్నో దేశాల్లో దశాబ్దాలుగా వాడుతున్నది. అయినా సూది ఒంట్లోకి వెళ్లాక మూడు నెలలు వెనక్కి తీయలేం. కాబట్టి అడగాల్సినవన్నీ ముందే అడగండి, విసుక్కున్నా అడగండి.

మీకు ముఖ్యమైనది ఇంకొకటుంది. ఈ ఇంజెక్షన్ ఆపాక గర్భం రావడానికి చివరి డోసు నుంచి సగటున పది నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. గొడ్రాలు కావడం కాదు, ఆలస్యం. మూడో ఏట గర్భం రావాలంటే చివరి ఇంజెక్షన్ దానికి ఏడాది ముందే అయిపోవాలి. ఎముకల సాంద్రత కూడా వాడుతున్నంతకాలం కొంత తగ్గి, ఆపాక తిరిగి పుంజుకుంటుంది.

మిగతావి క్లుప్తంగా. లెవోనార్జెస్ట్రెల్ లూప్‌లో 52 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, ఐదేళ్లు, అంతకు పైనా పనిచేస్తుంది. రక్తస్రావాన్ని అన్నిటికంటే బాగా తగ్గిస్తుంది, తీయించగానే గర్భం రావచ్చు. డబ్బు భరించగలిగితే మీ హిమోగ్లోబిన్‌కు ఇంతకంటే మంచిది లేదు. ఛాయ మాత్ర హార్మోన్ కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) తయారుచేసిన ఓర్మెలాక్సిఫెన్, 30 మిల్లీగ్రాములు. నెలసరి మొదటి రోజు ఒకటి, ఆ వారమే ఇంకొకటి, ఉదాహరణకు ఆదివారం, బుధవారం. మూడు నెలలు అలా వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. వికారం, మంగు ఉండవు, నెలసరి కొందరికి ఆలస్యమవుతుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు, ఈ మధ్య కామెర్లు వచ్చినవాళ్లకు తగదు. నెలసరి 15 రోజులకు మించి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేసుకోవాలి.

రోజువారీ గర్భనిరోధకం అనుకుని వాడే రెండు మందుల గురించి ఒక మాట. వ్రతాలకు, తిరుమల ప్రయాణానికి నెలసరి వాయిదా వేసే నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు వేసుకుంటే ఒంట్లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. అందువల్ల గడ్డల ముప్పు ఉన్నవాళ్లకు దానికీ అదే జాగ్రత్త. దాన్ని గర్భం రాకుండా కాపాడేదిగా నమ్మకండి. ఇక లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల అత్యవసర మాత్ర: కలిసిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. అండం అప్పటికే విడుదలై ఉంటే పనిచేయదు, అప్పటికే వచ్చిన గర్భాన్ని పోగొట్టదు. నెలకు మూడుసార్లు అది వేసుకునేవాళ్లకు రోజువారీ మాత్రే తక్కువ హార్మోన్‌తో ఎక్కువ రక్షణ ఇస్తుంది. షాపులో పేరు సరిగ్గా చెప్పండి: అన్‌వాంటెడ్ 72 అత్యవసర మాత్ర, అన్‌వాంటెడ్ 21 రోజువారీ మాత్ర, అన్‌వాంటెడ్ కిట్ గర్భస్రావం మందు.

ఆపరేషన్ విషయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 70 శాతం దాకా, తెలంగాణలో 60 శాతానికి పైగా ట్యూబెక్టమీ (ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లే. పెద్దవాళ్లకు తెలిసిన దారి అదొక్కటే, అందుకే ఆ సలహా. పిల్లలు ఇక చాలనుకున్నవాళ్లకు అది మంచి పద్ధతే. కానీ 27 ఏళ్ల మనిషి ఆపరేషన్ కోసం కాన్పును ముందుకు జరుపుకోవడం అన్యాయం, అందులో హిమోగ్లోబిన్ 9.8తో మరీ అన్యాయం. ఆ రక్తంతో నెల తప్పితే బిడ్డ బరువుకూ మీ ప్రాణానికీ ఇబ్బందే.

నా సలహా ఇది. ఆరా లేకుండా, బీపీ మామూలుగా ఉండి, రాత్రి అన్నం తర్వాత రోజూ ఒక మాత్ర గుర్తుంచుకోగలిగితే మాలా-ఎన్. ఆరా ఉంటే ఈస్ట్రోజెన్ మాట మర్చిపోయి హార్మోన్ లూప్, అది కుదరకపోతే ఛాయ. గుర్తుండదనుకుంటే ఒక ఏడాది మాత్రం అంతర తీసుకుని తర్వాత వేరేదానికి మారండి. కాపర్ టీని హిమోగ్లోబిన్ 11 దాటాక ఆలోచించండి. వీటిలో ఏదీ హెచ్ఐవీ, సుఖవ్యాధుల నుంచి కాపాడదు, దానికి కండోమే.

మాలా-ఎన్ అయితే నెలసరి వచ్చిన మొదటి అయిదు రోజుల్లో ఎప్పుడు మొదలుపెట్టినా ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. ఆ తర్వాత మొదలుపెడితే, గర్భం లేదని తేల్చుకుని, ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. మొదటి షీటు వెనక తేదీ రాసుకోండి. మూడో షీటు అయ్యాక ఆశా కార్యకర్త దగ్గరో పీహెచ్‌సీలోనో బీపీ చూపించుకుని, అప్పుడే హిమోగ్లోబిన్ కూడా మళ్లీ చేయించండి. ఆ తర్వాత బీపీ ఏడాదికోసారి చాలు.